బాత్‌రూమ్ టైల్స్ డైరీ: నీళ్ళ కట్టరూ నేనూ

మొదటి రోజుకి ముందు రోజు

పాత టైల్స్ ఊడదీయడం అయిపోయింది. ఆ కథ రాయను, సుత్తీ ఉలీ పట్టిన ఎవరికైనా తెలిసిందే. గోడలకి ప్లాస్టరింగ్, వాటర్‌ప్రూఫింగ్ మేస్త్రీ గారు చేసిపెట్టారు. టైల్స్ కోసి అతికించే పని నేనే చేసుకుంటానన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "అతికించడం రెండు రోజుల్లో వచ్చేస్తుందమ్మా. కొయ్యడం దగ్గరే ఉంది" అన్నారు.

నా దగ్గరున్నది బల్ల రకం వెట్ సా, అంటే నీళ్ళ కట్టరు. 180 మి.మీ. డైమండ్ బ్లేడు బల్ల మధ్యలో ఉన్న చీలికలోంచి పైకి వస్తుంది. కింద ట్రేలో నీళ్ళుంటాయి, బ్లేడు అడుగు భాగం ఆ నీళ్ళలో మునిగి తిరుగుతూ తనతో పాటు నీళ్ళని పైకి తెచ్చుకుంటుంది. పంపు, గొట్టం ఏమీ లేవు. ఇంత తేలిక ఏర్పాటా అని ముచ్చటపడ్డాను. ఆ తేలికే నాకు తర్వాత ఎలా ఎదురుతిరిగిందో ముందుకి వెళ్ళాక చెబుతాను.

ఆగి ఉన్న బ్లేడు అంచుని వేలితో తాకి చూశాను. రంపానికి ఉండే పళ్ళు దీనికి లేవు, గరుకు కాగితంలా ఉంది అంతే. ఇది కోయదు, అరగదీస్తుంది. అందుకే చాలామందికి దీనంటే భయం ఉండదు. మోటారు మీద నిమిషానికి 2950 చుట్లు అని రాసి ఉంది. కాగితం మీద లెక్క వేశాను. 180 మి.మీ. బ్లేడు ఒక్క చుట్టుకి అర మీటరు పైచిలుకు తిరుగుతుంది. అలా చూస్తే అంచు వేగం గంటకి దాదాపు 100 కిలోమీటర్లు. ఆ వేగంతో పోయే గరుకు కాగితానికి వేలు అడ్డం పెడితే ఏమవుతుందో ఊహించుకోవడానికి పళ్ళు అక్కర్లేదు.

బ్లేడు బిగించే ముందు ప్లగ్గు తీసి నా కళ్ళ ఎదురుగా బల్ల మీద పెట్టుకున్నాను. స్విచ్చి ఆఫ్‌లో ఉంటే చాలదు, ప్లగ్గు కనబడుతూ ఉండాలి. బ్లేడు మీద గరిష్ఠ వేగం 8500 అని ఉంది. మోటారు వేగం అంతకంటే చాలా తక్కువ కాబట్టి పరవాలేదు. మధ్య కన్నం షాఫ్టుకి సరిగ్గా పట్టింది. బాణం గుర్తు మోటారు తిరిగే వైపే ఉందని చూసుకున్నాను. రెండు వైపులా ఉండే వాషర్ల మీద పాత మడ్డి ఎండిపోయి ఉంటే గీకి తుడిచాను. అక్కడ ఇసుక రేణువంత ఉన్నా బ్లేడు ఒక పక్కకి ఒరిగి, వంకర్లు పోతూ తిరుగుతుంది. అసలు మొదట పాత బ్లేడు విప్పేటప్పుడే నట్టు ఎంతకీ రాలేదు. తర్వాత అర్థమైంది, ఈ మెషీన్‌కి ఎడమ మర. విప్పడానికి మామూలుకి ఎదురు తిప్పాలి. పావుగంట దాన్ని ఇంకా బిగిస్తూ కూర్చున్నానన్నమాట.

నా టైల్స్ 9 మి.మీ. మందం పోర్సలిన్, కాబట్టి అంచు ఎక్కడా తెగకుండా గుండ్రంగా ఉన్న బ్లేడే పెట్టాను. అంచులో గాళ్ళున్న రకం కాంక్రీటుకి బాగుంటుంది కానీ టైలు మీద పెట్టామా, గ్లేజు, అంటే పైనుండే మెరుపు పూత, పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది.

శనివారం. కరెంటుతో మొదలు

నీళ్ళూ కరెంటూ ఒకే బల్ల మీద. ఈ ఒక్క మాట దగ్గరే పొద్దుటి పూటంతా గడిచింది.

మెషీన్‌ని ఆరుబయట, చప్టా మీద పెట్టాను. పక్కనే గోడ సాకెట్ ఉంది. ఆ లైనుకి ఆర్‌సీసీబీ ఉంది, 30 మిల్లీ ఆంప్స్‌ది. దాని మీద టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడింది. ఆ బటన్ ఉన్నది అలంకారానికి కాదు, పని మొదలుపెట్టే ప్రతి పూటా ఒకసారి నొక్కి చూడాలి. మామూలు ఎంసీబీ వైర్లని కాపాడుతుంది, మనిషిని కాదు. ఒంట్లోంచి కరెంటు నేలలోకి పోతుంటే దాన్ని పసిగట్టి ఆపేది ఆర్‌సీసీబీయే. మూడో పిన్ను లేని అడాప్టర్ ఒకటి డబ్బాలో కనబడితే చెత్తలో పడేశాను.

అయినా మొదటి టైలు సగం కోసేసరికే అది పడిపోయింది. గుండె ఝల్లుమంది. షాక్ ఏమీ కొట్టలేదు, మెషీన్ ఆగిపోయింది అంతే. చూస్తే కారణం చిన్నదే. మెషీన్ బల్ల మీదుంది, సాకెట్ కిందికి ఉంది. బల్ల అంచు నుంచి కారిన నీళ్ళు తీగ వెంబడి జారుకుంటూ తిన్నగా ప్లగ్గులోకి వెళ్ళాయి. తీగే వాటికి కాలువ అయింది.

అన్నీ పొడిగా తుడిచి, ఆరబెట్టి, తీగని మధ్యలో సాకెట్ కంటే కిందికి ఒక మడత వేలాడేలా కట్టాను. ఇప్పుడు నీళ్ళు ఆ మడత అడుగుకి వచ్చి అక్కడే నేల మీద చుక్కలు చుక్కలుగా రాలిపోతున్నాయి, ప్లగ్గు దాకా ఎక్కలేవు. ఖర్చు లేని పని, ఒక తాడు ముక్క చాలు. ప్లగ్గు తడి చేత్తో ముట్టకూడదని ఒక పొడి తువ్వాలు సాకెట్ పక్కనే మేకుకి తగిలించాను. పదిహేడేళ్ళ మా అబ్బాయిని అక్కడ కాపలా పెట్టాను. బ్లేడు తిరుగుతున్నప్పుడు నన్ను పిలవకూడదు, భుజం మీద చెయ్యి అసలు వెయ్యకూడదు, ఏదైనా ఉంటే నా ఎదురుగా వచ్చి చెయ్యి ఎత్తాలి అని చెప్పాను. వాడికి ఇది తెగ నవ్వొచ్చింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. మళ్ళీ వచ్చినప్పుడు మెషీన్ దానంతట అది తిరగలేదు, పచ్చ బటన్ నొక్కాకే తిరిగింది. ఈ రకం స్విచ్చి ఉందో లేదో కొనేముందే చూసుకోవాలని నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

శనివారం సాయంత్రం. చార

గాజులు, ఉంగరం తీశాను. జడ ముడి వేసి టోపీలోకి తోశాను. చున్నీ లోపలే వదిలేసి, పొట్టి చేతుల చొక్కా మీద ప్లాస్టిక్ ఏప్రన్ కట్టుకున్నాను. చేతి తొడుగుల దగ్గర తటపటాయించాను. గుడ్డ తొడుగు అంచు బ్లేడుకి తగిలితే చెయ్యి మొత్తాన్నీ లాగేస్తుంది. అందుకని బ్లేడు తిరిగేటప్పుడు ఒట్టి చేతులే. కోసిన ముక్కలు ఎత్తి పెట్టేటప్పుడు, అదీ బ్లేడు పూర్తిగా ఆగాక, దళసరి తొడుగులు. కోసిన టైలు అంచు గాజు పెంకుతో సమానం.

కళ్ళద్దాలు పక్కలు కూడా మూసి ఉండే రకం. చెవులకి ఇయర్‌మఫ్స్. రోజంతా వినే మోతకి 85 డెసిబెల్స్ హద్దు అంటారు, ఈ మెషీన్ పోర్సలిన్ మీద పెట్టే కూత దాన్ని ఎప్పుడో దాటేసింది.

టైలు అంచు ఆనించి నెట్టే పట్టీని, అంటే గైడుని, కొలతకి బిగించాను. గ్లేజు పైకి ఉండేలా టైలు పెట్టాను. బ్లేడు మీది మూతని, అంటే గార్డుని, టైలుకి వేలెడు పైన ఉండేలా దించాను. బ్లేడు కనబడట్లేదని గార్డు ఎత్తేసి పనిచేసేవాళ్ళని చూశాను. చూడాల్సింది బ్లేడుని కాదు, టైలు మీద గీతని, గైడుకి ఆనిన అంచుని.

పచ్చ బటన్ నొక్కి, రెండు క్షణాలు ఆగి, పూర్తి వేగం అందుకున్నాక టైలుని ముందుకి నెట్టాను. తొయ్యకూడదు, పోనివ్వాలి అన్నారు మేస్త్రీ గారు. ఆ తేడా చేతికి పది నిమిషాల్లో తెలిసింది. సరైన వేగంలో మోత ఒకే శ్రుతిలో ఉంటుంది. తొందరపడి నెడితే గొంతు బరువెక్కి మూలుగుతుంది, అప్పుడు చెయ్యి సడలించాలి. వెనక్కి మాత్రం లాగకూడదు, పక్కకి తిప్పకూడదు.

బ్లేడు పై భాగం నా వైపుకే తిరుగుతుంది కాబట్టి నీళ్ళన్నీ నా మీదికే. నా వెనక దండేనికి ఒక ప్లాస్టిక్ షీటు కట్టాను, గోడ పాడవకుండా. అయిదు టైల్స్ అయ్యాక చూస్తే ఏప్రన్ మీద మెడ నుంచి నడుము దాకా నిట్టనిలువునా తెల్లటి చార, సరిగ్గా మధ్యలో. వెనక షీటు మీద కూడా చార పడింది, కానీ మధ్యలో ఖాళీ. ఆ ఖాళీ నా ఆకారంలో ఉంది. భలే ఉందని ఫొటో కూడా తీశాను.

దాని అర్థం తెలిసింది మర్నాడు.

ఆదివారం. చివరి అంగుళం

పొద్దున్నే మూడో టైలు. కోత చివరికి వచ్చింది, ఇంకా ఒక అంగుళం ఉంది. రెండు ముక్కల్నీ కలిపి పట్టుకున్నది ఆ అంగుళమే. దానికి బరువు ఆగలేదు. టప్పున విరిగింది, మూల దగ్గర గోరంత పెంకు ఊడి నేరుగా నా పొట్టకి తగిలింది. ఏప్రన్ చీరలేదు, గాయమూ లేదు. కానీ తగిలిన చోటు నిన్నటి తెల్ల చార మీదే.

నీళ్ళు ఎగిరే దారే పెంకులు ఎగిరే దారి కూడా. నిన్న సాయంత్రమంతా ఆ మెషీన్ నేనెక్కడ నిలబడ్డానో ఏప్రన్ మీద రాసి చూపిస్తుంటే నేను ఫొటో తీసుకున్నాను.

అప్పటి నుంచి బ్లేడు గీతకి ఎడమ పక్కన నిలబడుతున్నాను. గైడు నా కుడి వైపు ఉంది, కుడి చేత్తో నెడతాను, ఎడమ చెయ్యి టైలుని గైడుకి ఆనించి ఉంచుతుంది. మొదట్లో ఒళ్ళు వంకరగా అనిపించింది కానీ గంటలో అలవాటైంది. బల్ల మీద బ్లేడుకి రెండు పక్కలా జానెడు దూరంలో ఎర్ర టేపు అంటించాను. బ్లేడు తిరుగుతుండగా వేళ్ళు ఆ టేపు దాటకూడదని నాకు నేను పెట్టుకున్న రూలు. టేపు లోపలికి నెట్టాల్సి వస్తే చేత్తో కాదు, చెక్క ముక్కతో. సన్నటి పట్టీలు కోసేటప్పుడు ఆ చెక్క లేకుండా మొదలే పెట్టను. తడి టైలు సబ్బులా జారుతుంది, ఆ జారడం ఎప్పుడూ బ్లేడు వైపుకే అన్నట్టుంటుంది.

చివరి అంగుళం సంగతి మేస్త్రీ గారికి ఫోన్ చేసి అడిగాను. "ఆ చివర ముందే కోసి పెట్టుకోమ్మా" అన్నారు. అంటే టైలుని తిప్పి, కోత ముగిసే వైపు నుంచి ముందు రెండు అంగుళాలు కోయాలి. మెషీన్ ఆపి టైలు బయటికి తీసి, మళ్ళీ మామూలు వైపు నుంచి మొదలుపెట్టాలి. రెండు కోతలూ మధ్యలో కలుస్తాయి, మూల దగ్గర విరగడానికి ఏమీ మిగలదు. రెండుసార్లూ కోత ఒకే గీత మీద పడాలి, లేకపోతే వెంట్రుకవాసి మెట్టు వస్తుంది. ఆ తర్వాత కోసిన పదకొండు టైల్స్‌లో ఒక్క మూల కూడా పోలేదు. కోసి పడ్డ ముక్క ఊగకుండా పక్కన అదే ఎత్తులో ఒక పలక కూడా పెట్టాను.

ఇంకొకటి. ఎర్ర బటన్ నొక్కాక బ్లేడు ఆగడానికి నా లెక్కలో 11 సెకన్లు పట్టింది. మోత తగ్గిపోతుంది, మనకి ఆగిపోయినట్టే ఉంటుంది, అంచు గుండ్రంగా మెరుస్తూ కదలనట్టు కనబడుతుంది. ఆ 11 సెకన్లూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను, బళ్ళో పిల్లలా.

బుధవారం

పని లేదు. అతికించిన వరసలు రసమట్టంతో చూసుకోవడంతోనే సరి.

శుక్రవారం రాత్రి. పొగలాంటిది

ఇందాక తేలిక ఏర్పాటు అన్నానే, దాని కథ.

వరసగా కోస్తూ పోయాను. ట్రేలో నీళ్ళు చూడలేదు. కోసినకొద్దీ నీళ్ళు ఎగిరి నేల మీద, నా మీద, షీటు మీద పోతాయి, ట్రేలో తగ్గుతూ వస్తాయి. పైన బల్ల తడిగానే ఉంటుంది కాబట్టి అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. మా వాడు ఎదురుగా వచ్చి చెయ్యి ఎత్తాడు. ఆపాను. "అమ్మా, నిప్పురవ్వలు వస్తున్నాయి, పొగ కూడా" అన్నాడు.

పొగ కాదు, పొడి. అదే అసలు ప్రమాదం. టైలులో ఉండే క్వార్ట్జ్ అంటే సిలికా. పొడిగా కోస్తే ఊపిరితిత్తుల లోతుకి వెళ్ళేంత సన్నటి దుమ్ము అవుతుంది, కంటికి ఆనేది అందులో ముతక రకం మాత్రమే. ఏళ్ళ తరబడి దాన్ని పీల్చినవాళ్ళకి వచ్చే సిలికోసిస్‌కి తగ్గే మందు లేదు. నీళ్ళు బ్లేడుని చల్లబరచడానికే అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అవి చేసే రెండో పని ఆ దుమ్ముని పుట్టినచోటే పట్టేయడం. ఎన్95 మాస్కు పెట్టుకునే ఉన్నాను, మా వాడికి మాత్రం లేదు. వాడికీ ఇచ్చాను, ఇవ్వాల్సింది మొదటి రోజే.

ట్రేలో చూస్తే నీళ్ళు బ్లేడు కింది అంచుకి కూడా అందడం లేదు, అడుగున పెరుగులా చిక్కటి మడ్డి. బ్లేడు కూడా పాడైంది. వేలితో తాకితే గరుకు లేదు, అద్దంలా నున్నగా ఉంది. వేడికి లోహం పైకి వచ్చి వజ్రపు రేణువుల్ని కప్పేసింది. మెత్తటి ఇటుక ముక్క తెచ్చి, ట్రే నిండా కొత్త నీళ్ళు పోసి, ఇటుకలో నాలుగైదు కోతలు కోశాను. ఇటుక ఆ లోహాన్ని కాస్త అరగదీసి వజ్రాన్ని మళ్ళీ బయటికి తెస్తుంది. మోత మళ్ళీ పాత శ్రుతికి వచ్చింది.

ఇప్పుడు ప్రతి ఆరు కోతలకీ ఆపి నీళ్ళు చూస్తాను. ట్రే లోపలి గోడ మీద మార్కర్‌తో గీత గీశాను, నీళ్ళు దాని కింద ఉంటే మెషీన్ ఆన్ చెయ్యను. ఆపకుండా తెలుసుకునే గుర్తు కూడా ఒకటి పట్టుకున్నాను. ఏప్రన్ మీద పడే చుక్కలు పల్చగా, పాలనీళ్ళలా ఉంటే సరే. చిక్కబడి మజ్జిగలా పడుతున్నాయంటే మార్చే వేళయింది. పడటమే మానేశాయంటే అప్పటికే ఆలస్యం.

మడ్డిని బాత్‌రూమ్ తూములో పొయ్యబోయి ఆగాను, నేనే రేపు ఆ తూముకి గొయ్యి తవ్వాల్సి వస్తుంది. అది గొట్టంలో పేరుకుని గట్టిపడుతుంది. బకెట్‌లో ఒక రాత్రి ఉంచితే అడుగున ముద్దలా దిగుతుంది, పైన తేట నీళ్ళు మిగులుతాయి. నీళ్ళు ఆరుబయట మట్టిలో, ముద్ద సంచిలో కట్టి చెత్తలోకి. నేల మీద పడ్డ మడ్డిని మాత్రం అది తడిగా ఉండగానే కడిగేస్తున్నాను. ఎండాక చీపురు పెడితే నీళ్ళు పట్టేసిన దుమ్ముని మనమే మళ్ళీ గాల్లోకి లేపినట్టు.

రెండో శనివారం. పైపు చుట్టూ

ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన ముక్క. మూలలో పైపు పెట్టె ఉంది, టైలుకి ఎల్ ఆకారంలో కోత కావాలి. మూలమట్టం పెట్టి గీత గీసి, రెండు వైపుల నుంచీ గీత కలిసేదాకా కోశాను. పైన చూస్తే ముచ్చటగా వచ్చింది. చేతిలోకి తీసుకోగానే లోపలి మూల నుంచి ఏటవాలుగా పగిలిపోయింది.

తిరగేసి చూస్తే తెలిసింది. బ్లేడు గుండ్రం. అది కింది నుంచి పైకి వస్తోంది కాబట్టి టైలు అడుగున కోత పొడుగ్గా, పైన పొట్టిగా ఉంటుంది. బల్ల పైకి బ్లేడు 30 మి.మీ. కనబడుతుందనుకుని లెక్క కట్టాను. 9 మి.మీ. టైలుకి అడుగున కోత పైదాని కంటే సుమారు 9 మి.మీ. ముందుకి వెళ్ళిపోతుంది. పైన గీత దగ్గర ఆపాను, కింద అప్పటికే వేలి వెడల్పు దాటిపోయాను. ఆ దాటిన కోతలే పగులుకి దారి చూపించాయి. బ్లేడు పై నుంచి దిగే రకం మెషీన్లలో ఇది తిరగబడుతుంది, దాటిన కోత ముఖం వైపే కనబడుతుంది.

రెండో టైలుకి ముందు లోపలి మూలలో 6 మి.మీ. డైమండ్ బిట్‌తో కన్నం వేశాను, నీళ్ళు చిలకరిస్తూ, మెల్లగా. పదునైన మూల ఉంటే పగులు అక్కడి నుంచే పుడుతుంది, గుండ్రంగా ఉంటే పుట్టదు. తర్వాత రెండు కోతల్నీ కన్నానికి పది పన్నెండు మి.మీ. ముందే ఆపేశాను. అడుగున కోత దాదాపు కన్నం దాకా వెళ్ళింది, పైన కాస్త మిగిలింది. ఆ మిగిలినదాన్ని బ్లేడుతో కెలకలేదు. టైలుని ఎత్తి బ్లేడు మీదికి దించి చెక్కుదామని చెయ్యి పీకింది. గైడు లేకుండా, బల్లకి ఆనకుండా టైలుని గాల్లో పట్టుకుని ఆ బ్లేడు దగ్గరికి వెళ్ళడం నా వల్ల కాదనుకున్నాను. నిప్పర్‌తో, అంటే టైలు కొరికే పటకారుతో, కొంచెం కొంచెంగా కొరికి, తడిపిన సాన రాయితో నున్నగా రుద్దాను. నలభై నిమిషాలు పట్టింది. పైపు పెట్టె చుట్టూ రెండు మి.మీ. సందుతో చక్కగా కూర్చుంది.

ఆదివారం. ఆఖరి కోతలు

గుమ్మం దగ్గర నాలుగు పట్టీలు మిగిలాయి. చెక్క ముక్కతో నెట్టి కోసేశాను, చెప్పుకోవడానికి ఏమీ జరగలేదు.

మెషీన్ సర్దాను. ప్లగ్గు తీసి, ట్రే కడిగి, బ్లేడు విప్పి తుడిచి నూనె చుక్క రాసిన గుడ్డలో చుట్టాను. ఎడమ మర ఈసారి గుర్తుంది. మేస్త్రీ గారు సాయంత్రం వచ్చి పైపు మూల దగ్గర బొటనవేలితో రాసి చూసి, ఏమీ అనకుండా తలూపి వెళ్ళారు.

ఆఖర్న దండేనికి కట్టిన షీటు తీసి మడతపెడుతుంటే మా వాడు ఆపాడు. మొదటి రోజు నా ఆకారంలో ఖాళీగా ఉన్న చోటు ఇప్పుడు లేదు. పై నుంచి కింది దాకా తెల్లటి చార ఎక్కడా తెగకుండా ఉంది.